మూడో గుట్ట మన్ను

డ్రైవర్ మామ పోయినాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ దగ్గర ఉన్నా. "మీ మామ లేయలేదప్పా. కాఫీ పెట్టి పిలిచినా, లేయలేదు," అనింది. గొంతులో ఏడుపు లేదు. మిషన్ ఆపేసి, ఒంటినిండా బండల బురదతోనే బయలుదేరినా. మేస్త్రీ ఏదో అన్నాడు. నేనూ ఏదో అన్నా. అది ఇక్కడ రాసేది కాదు.

మీకు ఆయన తెలియదు. ముప్పై ఏండ్లు జమ్మలమడుగు చుట్టుపక్కల ఊర్లకు బస్సు నడిపి రిటైరైన మనిషి. నాకు చుట్టం కాదు. గండికోట డ్యాం నీళ్లు వాళ్ల ఊరినీ మా ఊరినీ ముంచితే, కొండాపురం దగ్గర కాలనీలో మాకు పక్కపక్క ప్లాట్లు పడినాయి. అంతే. ఎనిమిదిలోనే బడి మానేసినోణ్ని నేను. ఆయన పొద్దున పేపరు చదివేసి సాయంత్రం నా చేతికిచ్చి, "దీంట్లో అబద్ధం యాడుందో కనిపెట్టి చెప్పురా అబ్బీ," అనేవాడు. చదివేది, రాసేది నాకు నేనే అట్ల నేర్చుకున్నా.

ఆయనకు కోపం రాదు. నాకు కోపం తెప్పించేది అదే. ముంపు పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగొచ్చి నేను బూతులు తిడుతుంటే, "హారన్ కొడితే రోడ్డు వెడల్పవుతాదా?" అని వసారాలో కుర్చీ జరుపుకునేవాడు. ఆ వసారా స్తంభానికి పాత బస్సు అద్దం ఒకటి బిగించుకున్నాడు, వెనక ఎవరొస్తాండారో చూసేదానికి. ఆటో ఎక్కినా కుడికాలు ఊరికే ఉండదు. అడ్డం ఏదన్నా వస్తే చాలు, లేని బ్రేకును తొక్కేవాడు.

ఆయనకు ఉన్న కోరిక ఒకటే. వాళ్లల్లో పూడ్చిపెడతారు. "ఈ కాలనీ మన్ను నా మింద పోయొద్దు. మా గుట్ట మన్ను ఒక సంచి తెచ్చి పెట్టుకుంటా," అనేవాడు. ఊరు మునిగింది కానీ ఊరి వెనక గుట్ట నెత్తి మాత్రం నీళ్ల మీద దీవి లెక్క నిలబడిందని ఆయన నమ్మకం. పోయిన చలికాలం ఆ పని మీద ముగ్గురం పోయినాం, మామ, అత్త, నేను. జొన్నరొట్టెలు, ఊరిబిండి పచ్చడి కట్టుకోని, ఇంజను పడవ మాట్లాడుకోని. పడవాయన గోదావరి పక్క నుంచి చేపలు పట్టుకోను వచ్చినోడు.

"ఏ దీవికండీ బాబాయ్ గారూ?"

"డ్యాం పక్క నుంచి లెక్కపెట్టుకో, మూడోది. రోడ్డు మింద పోతాంటే మూడో గుట్టే మాది. కండ్లు మూసుకోని చెప్తా."

"కళ్ళు మూసుకునే బస్సు నడిపేవారా ఏంటండీ?"

"నడిపినా. నువ్వు ఎక్కలేదు కాబట్టి బతికినావు."

అత్త ముసిముసిగా నవ్వింది. ఆమె గొర్రెల ఇంటి బిడ్డ. ఆ ఊర్లోనే పుట్టి, ఆ ఊర్లోనే పెండ్లి చేసుకోని, మోకాళ్లు మొరాయించేదాకా ఆ గుట్ట మీదే గొర్రెలు మేపింది. మామ తెల్లవారకముందే డ్యూటీకి పోయి, పొద్దు మునిగినాక వచ్చేవాడు. ఆయన గుట్టను ఎక్కువగా చూసింది బస్సు అద్దంలోనే.

రెండో గుట్ట దగ్గర ఇంజను ఆగిపోయింది. పడవాయన టార్పాలిన్ పట్టను రెండు గెడలకు కట్టి గాలికెత్తితే, పడవ మెల్లిగా జరిగి ఆ గుట్ట అంచుకు తగిలింది. ఆయన ఇంజను విప్పుకుంటాంటే అత్త ఎవరికీ చెప్పకుండా దిగింది. ఎర్రమన్ను మీద వట్టికాళ్లతో పైకి పోయింది. ఒక బండకు తొట్టి లెక్క గుంత ఉండాది, అందులో వాననీళ్లు. ఆమె ఆ నీళ్లలో చెయ్యి పెట్టి అట్లనే కూర్చుంది.

"మేయ్! యాడికి? ఇది మనది కాదు. స్టేజీ రాకముందే దిగితే ఎట్ల?" అని మామ అరిచినాడు.

"కాళ్లు తిమ్మిరెక్కినాయిలే," అంటూ వచ్చి కూర్చుంది. కొంగుకు ఒక ముడి వేసుంది. చూసినా. అడగలేదు.

ఇంజను బాగై మూడో గుట్ట చేరినాక మామ చిన్నపిల్లోడైపోయినాడు. వంగి మన్ను కండ్లకద్దుకున్నాడు. "ఆ రాయి సూడు, మా నాయన ఆన్నే కూర్చుండేది," అని చూపించినాడు. అత్త "ఊ" అనింది. తెల్లటి సుద్దమన్ను చేతులతోనే తవ్వి సంచికెత్తినాడు. పారతో నేను తవ్వుతానంటే ఒప్పుకోలేదు. ఆ పొద్దు ఆయన తిన్నన్ని రొట్టెలు ఎప్పుడూ తినింది చూడలేదు.

పూడ్చేరోజు ఆ సంచి విప్పి పోసింది నేనే.

మూడో రోజు, గోరీ మీద పాలు పోసి వచ్చినాక, అత్త వసారాలో కూర్చుని చెప్పింది. "అబ్బీ, ఆ మన్ను మా గుట్టది కాదు."

నాకు అర్థం కాలేదు.

"అన్నింటికన్నా ముందుండే పొట్టి గుట్ట మునిగిపోయింది. మీ మామ పాత లెక్కే పెట్టినాడు. ఇంజను ఆగిందే రెండో గుట్ట, అదే మాది. ఆ బండ గుంతలో గొర్రెపిల్లలకు నీళ్లు తాపినదాన్ని, నాకు తెలీదా?"

మొగుణ్ని పూడ్చి మూడు రోజులు కాని మనిషి మీద గట్టిగా అరిచినా. ఆ సిగ్గు నాకింకా ఉంది. "మరి ఆ పొద్దే ఎందుకు చెప్పలేదత్తా? ఆయనకు కావాల్సింది అదొక్కటే కదా!"

"ముప్పై ఏండ్లు ఊర్లోళ్లను వాళ్లవాళ్ల స్టేజీలో దింపినాడు. ఆ పొద్దు ఆయప్పే దిగినాడు. అంత సంతోషంగా దిగినోణ్ని, ఇది కాదు మళ్లా ఎక్కు అని ఎట్ల అందునప్పా?"

కొంగుముడి విప్పింది. పిడికెడు ఎర్రమన్ను. పూడ్చేరోజు మామ మింద పోద్దామని విప్పబోయిందంట, చెయ్యి రాలేదంట. "ఇప్పుడు పోద్దాం పా," అని లేచినా.

"వద్దు. నేను పోయినాక ఇది నా మింద పొయ్యి. మా ఇద్దరినీ పక్కపక్కనే కదా పెట్టేది," అని మళ్లా ముడేసి, మామ ఖాకీ చొక్కా తగిలించిన కొక్కేనికే కట్టింది.

నాకు ఎవరి మీద కోపగించుకోవాలో తెలియడం లేదు. గుట్టల లెక్కే మారిపోయేటట్టు నీళ్లు నింపినోళ్ల మీదనా? తప్పు లెక్కపెట్టిన మామ మీదనా? నోరు మెదపని అత్త మీదనా? పేపర్లో అబద్ధాలు వెతికేది నేర్చుకోని, పక్కనే కూర్చున్న మనిషి "ఊ"లో ఏముందో కనిపెట్టలేని నా మీదనా? అసలు అది అబద్ధమేనా? ఆయన చేతులతో తవ్వుకున్న మన్ను ఆయనది కాకుండా ఎట్ల పోతాది?

ఇంకొకటి ఉంది. అత్తకు కూడా చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో ఆ రెండో గుట్ట పక్కనుంచి పోతాంటే మామ పడవాయనతో "స్లో చెయ్యి" అన్నాడు. అత్త కొంగు కప్పుకోని కునుకు తీస్తాంది. మామ కుడిచెయ్యి పైకెత్తినాడు, ఎదురుగా వచ్చే బస్సు డ్రైవరుకు ఎత్తినట్టు. "ఎవరికి మామా?" అని నవ్వినా. ఆయన కండ్లు ఆ గుట్ట మీదే ఉండాయి. ఒళ్లో సుద్దమన్ను సంచి. కుడికాలు మాత్రం, ఆ గుట్ట కనుమరుగయ్యేదాకా, పడవ చెక్కను బ్రేకు లెక్క తొక్కి పట్టుకోనే ఉంది.