కొలత మారని మనిషి

మా ఆవిడ టైలరు. నేను పార్సిల్ ఆఫీసులో తూకం వేస్తాను. మనిషి ఎదురుపడితే ఆవిడకు చుట్టుకొలత కనిపిస్తుంది, నాకు బరువు కనిపిస్తుంది. ఇద్దరం కలిసి వీధిలో నడిచామంటే ఎదురొచ్చేవాళ్ళకి తప్పించుకునే దారి లేదు.

ఆవిడ దుకాణం మా ఇంటి ముందుగదే. వీధివైపు గాజు తలుపు, తలుపు పక్కన కుట్టుమిషను, నడిమధ్య గుడ్డ కత్తిరించే బల్ల, మూలన తలా చేతులూ లేని బొమ్మ. ఆ బొమ్మ మెడ మీద నేను తువ్వాలు ఆరేస్తానని రోజూ మాకు మాటామాటా అవుతుంది. మెడలో టేపు లేకుండా ఆవిడను నేను చూసింది తక్కువ. మెడలో టేపుతోనే కూరలు తరుగుతుంది, టేపుతోనే ఫోనులో వాళ్ళ అక్కతో పోట్లాడుతుంది. గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకుని కూడా స్పష్టంగా తిట్టగలదు.

కొలతలు మాత్రం ఎక్కడా రాసుకోదు. చీటీ రాసి గుడ్డకు గుచ్చే టైలర్లంటే ఆవిడకు చులకన. "మనిషిని చేత్తో కొలిచాక కూడా గుర్తుండకపోతే ఇంకెందుకండీ ఈ పని?" అంటుంది. నిజంగానే గుర్తుంటుంది. వీధి చివర రొట్టెలు కాల్చే ఆయన నడుము, బడి హెడ్మిస్ట్రెస్ గారి భుజాలు, కారు నడపడం నేర్పే ఆయన ఛాతీ, అన్నీ నోటికే. కాకపోతే ఒక షరతు ఉంది. కొత్తగా కొలిచిందంటే పాత కొలత ఆ క్షణమే తలలోంచి పోతుంది. పోవాలి కూడా అంటుంది. రెండూ ఉంటే కత్తెర తడబడుతుందట.

ఆవిడ నన్ను మొదటిసారి కొలిచినప్పుడు వేరేవాళ్ళ దుకాణంలో పనిచేసేది. నాకు పార్సిల్ ఆఫీసులో ఉద్యోగం వచ్చిన కొత్త. మంచి చొక్కా ఒకటి కుట్టించుకుందామని వెళ్ళాను. నా చేతులు రెండూ కొలిచింది, అనుమానంగా చూసి మళ్ళీ కొలిచింది. "మీ ఎడమ చెయ్యి అర అంగుళం పొడుగండీ" అంది. నాకసలే ముక్కుమీద కోపం. "నా చేతులు సమానంగానే ఉన్నాయి, మీ టేపే సాగింది" అన్నాను. ఆవిడ ఎడమ చేతికి అర అంగుళం ఎక్కువ పెట్టి కుట్టింది. వేసుకుని అద్దం ముందు నిలబడితే రెండు మణికట్ల దగ్గరా అంచు సరిగ్గా ఒకేచోట ఆగింది. చొక్కా బాగుందని చెప్పడానికి ఒకసారి వెళ్ళాను. గుండీ ఊడిందని ఒకసారి వెళ్ళాను. ఊడని గుండీ పీకేసుకుని మరీ ఇంకోసారి వెళ్ళాను. అలా మా పెళ్ళయింది. నా చేతులు సమానమన్న వాదన మాత్రం నేను ఇప్పటికీ వదల్లేదు.

ఇక ఫోను సంగతి. దుకాణం మెయిలు, బ్యాంకు, గుడ్డ తెప్పించే యాప్, కరెంటు బిల్లు, అన్నింటికీ పాస్‌వర్డులు కావాలి కదా. మా ఆవిడ మనుషుల కొలతలనే పాస్‌వర్డులుగా పెట్టుకుంది. ముందు ఆ మనిషి చేసే పని, వెనక వరసగా కొలతలు, అర అంగుళం ఉన్నచోట ఒక చుక్క. బ్యాంకుకు హెడ్మిస్ట్రెస్ గారు, మెయిలుకు రొట్టెలాయన, గుడ్డల యాప్‌కు డ్రైవింగు నేర్పే ఆయన. ఈ కథలో వచ్చే అంకెలు నేను మార్చి చెబుతున్నాను, ఎవరూ ఆశ పెట్టుకోకండి.

నా బాధ వేరు. "ఇంతమంది ఉన్నారు, నేనెక్కడా లేనా?" అని ఒకరోజు అడిగేశాను.

"మీరా! చొక్కాకి గుండీలు కుట్టేలోపు మీ పొట్ట మారిపోతుంది. మిమ్మల్ని నమ్ముకుంటే నా డబ్బు నేనే తీసుకోలేక బ్యాంకు గుమ్మంలో కూర్చోవాలి" అంది నవ్వుతూ. నవ్వుతూనే అంది గానీ, నాకు మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ళు కాపురం చేసి రొట్టెలాయన పాటి చెయ్యనా?

ఆ రొట్టెలాయనే కొంప ముంచాడు. బస్సుల కంపెనీ ఒకటి డ్రైవర్లందరికీ చొక్కాలు కుట్టే పని మా ఆవిడకు ఇస్తామంది. ఆవిడ చేతికి అంత పెద్ద పని రావడం అదే మొదలు. సాయంత్రంలోగా ఒప్పుకుంటున్నట్టు మెయిలు పంపాలి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ రోజే ఫోను ఏదో సరిచేసుకున్నానంటూ ఆగి మళ్ళీ మొదలై, మెయిలుకు పాస్‌వర్డు అడిగింది. మా ఆవిడ కొట్టింది. తప్పంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పంది. ఇంకోసారి తప్పితే మూసేస్తానని బెదిరించింది.

ఆవిడ ఫోను బల్ల మీద పెట్టి, "ఏమండీ, రొట్టెలాయన సన్నబడ్డాడు" అంది.

"మంచిదేగా" అన్నాను.

"మంచిదేంటి నా మొహం! పొద్దున్నే నడుస్తున్నాడట. పోయిన వారమే కొత్త కోటుకి కొలిచాను. పాత కొలత తలలో లేదు. పోయింది!"

అప్పుడు నాకూ పై ప్రాణాలు పైనే పోయాయి. ఇద్దరం పరుగులాంటి నడకతో వీధి చివరికి వెళ్ళాం. రొట్టెలాయన పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు, మోచేతుల దాకా పిండి. "మీ పాత కోటు ఎక్కడుందండీ?" అంది మా ఆవిడ ఆయాసపడుతూ. అది పిండి డబ్బా మీద కప్పి ఉంది. దులిపి, బల్ల మీద పరిచి, టేపు తీసింది.

"నేనిక్కడే ఉన్నానుగా, కోటుని కొలుస్తారేంటమ్మా?" అన్నాడాయన.

"మీరిప్పుడు పనికిరారండీ" అంది తల ఎత్తకుండా.

పాపం, ఆ మనిషి మొహం చూడాలి. ఆవిడ కోటు కొలత తీసి, అందులోంచి తను వదిలిన లూజు తీసేసింది. ఈయన ఊపిరి గట్టిగా పీలుస్తాడు కాబట్టి ఛాతీ దగ్గర అందరికంటే కాస్త ఎక్కువే వదిలిందట. అక్కడే నిలబడి అంకెలు కొట్టింది. మెయిలు తెరుచుకుంది. జవాబు పంపేసి పొయ్యి పక్కనున్న స్టూలు మీద కూలబడి, నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. రొట్టెలాయనకు విషయం అర్థం కాకపోయినా వేడి రొట్టె ఒకటి చేతిలో పెట్టాడు. దాన్ని తుంచుకు తింటూ ఇంటికొచ్చాం.

ఈ సంగతి విని మా తమ్ముడు ఊడిపడ్డాడు. వాడు ఫోన్లు అమ్మే కొట్టులో పనిచేస్తాడు, అడక్కపోయినా సలహా ఇస్తాడు. "వదినా, ఊళ్ళో జనం ఒళ్ళు చేసినా తగ్గినా నీ బ్యాంకు మూతపడటమేంటి? పాస్‌వర్డులన్నీ దాచిపెట్టే యాప్‌లు ఉన్నాయి. నువ్వు ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతావన్నీ అదే చూసుకుంటుంది" అన్నాడు. మూడు యాప్‌లు ఆవిడ ముందు పెట్టాడు.

మా ఆవిడ యాప్‌ను గుడ్డను చూసినట్టే చూసింది. ముందు తిరగేసి చూడాలి, తర్వాత నలిపి చూడాలి, రంగు చివర్న. మొదటిది ఉచితం. తెరవగానే చెప్పుల ప్రకటన వచ్చింది. "నా తాళాలు దాస్తానంటూ నాకు చెప్పులు అమ్ముతుందేంటి? ఇది ఒక్క ఉతుక్కి వెలిసిపోయే రకం" అని పక్కన పెట్టింది. రెండోది చూడ్డానికి ముచ్చటగా ఉంది గానీ, దాచినవన్నీ ఆ ఒక్క ఫోనులోనే ఉంటాయట. "ఫోను నీళ్ళలో పడితే?" అని అడిగింది.

"పడకుండా చూసుకోవాలి వదినా."

"కోటు కుట్టిచ్చి, దీన్ని వేసుకుని వంగొద్దు అంటే ఊరుకుంటావా నువ్వు?"

వాడు బుర్ర గోక్కున్నాడు. నాకు మహా సంతోషం వేసింది. ఆ ఇంట్లో నోరు మూయించుకునేది నేనొక్కణ్ణే కాదని తేలింది.

మూడోది బూడిదరంగులో, ఆఫీసు కాగితంలా ఉంది. మొదటి పేజీలోనే ఒక మాట రాసుంది. మీ ముఖ్య పాస్‌వర్డు మా దగ్గర ఉండదు, మీరు మర్చిపోతే మేము కూడా తెరవలేము అని. "ఇది వద్దు వదినా, మరీ మొండిది" అన్నాడు తమ్ముడు. ఆవిడ ఆ మాటను రెండుసార్లు చదివింది. "ఇదే కావాలి. లోపల గుడ్డ మిగల్లేదు, తర్వాత వదులు చెయ్యడం కుదరదు అని ముందే చెప్పే టైలర్ని నమ్మొచ్చు" అంది. అంతే, బేరం తెగింది.

పాత పాస్‌వర్డులన్నీ అందులో ఎక్కిస్తుంటే ఆ యాప్ ఒక్కొక్కరికీ మార్కులేసింది. హెడ్మిస్ట్రెస్ గారి దగ్గర ఎర్రరంగు వచ్చి, బలహీనంగా ఉందంది. "ఆవిడ బలహీనమా! ఆవిడ ఉరిమి చూస్తే బడి గోడలు వణుకుతాయి" అని మా ఆవిడ ఫోను మీద కోప్పడింది. చివరికి అన్నింటికీ యాపే కొత్తవి పెట్టింది. అర్థంపర్థం లేని అక్షరాలు, అంకెలు. ఆవిడ వాటిని కాసేపు చూసి, "వీటికి ఒళ్ళే లేదు" అంది. కొంచెం దిగులుగానే అంది.

ఇక మిగిలింది ఆ ముఖ్యమైన ఒక్కటి. "పొడుగ్గా ఉండాలి. ఎప్పటికీ మారకూడదు. నువ్వు చచ్చినా మర్చిపోకూడదు" అన్నాడు తమ్ముడు. ఆవిడ మెడలోని టేపు రెండు చివర్లూ పట్టుకుని గాజు తలుపులోంచి వీధిలోకి చూస్తూ కూర్చుంది. నేను చిన్నగా దగ్గాను. చూడలేదు. మళ్ళీ దగ్గాను.

"మందు అలమరలో ఉంది" అంది.

తర్వాత గబగబా ఏదో కొట్టింది. చాలా పొడుగ్గా కొట్టింది. కొడుతుంటే పెదవి చివర చిన్న నవ్వు. అది నా కళ్ళ పడనే పడింది.

"ఎవరి కొలత?" అన్నాను తమ్ముడు వెళ్ళాక.

"ఉన్నాడులెండి ఒకాయన. ఎప్పుడో కొలిచాను. ఆ కొలత ఇంక మారదు."

"మారకపోవడమేంటి? బతికున్న మనిషేనా?"

"నిక్షేపంగా ఉన్నాడు" అని మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడులో ఇంకేం అడుగుతాను?

అప్పట్నుంచి నాకు తిన్నది ఒంటబట్టలేదు, అయినా తిన్నాననుకోండి. ఎవడు వాడు? డ్రైవింగు నేర్పే ఆయన నిటారుగా, ఎప్పుడూ ఒకేలా ఉంటాడు. వాడేనా? పార్సిల్ ఆఫీసులో కాటా ముందు నిలబడి, వచ్చేపోయే ప్రతి మగాణ్ణీ ఎగాదిగా చూశాను. ఆవిడను గట్టిగా అడగొచ్చు. అడిగితే చెబుతుంది కూడా. చెప్పాక అది నేను కాకపోతే? అందుకే మూతి ముడుచుకుని ఊరుకున్నాను. బొమ్మ మెడ మీద తువ్వాలు ఆరేయడం కూడా మానేశాను. ఆవిడకు తీరిక లేదు. గదంతా నీలం గుడ్డ, నేలంతా నీలం పీలికలు. కూనిరాగం తీస్తూ పొద్దస్తమానం కుడుతూనే ఉండేది. ఆవిడ అంత హాయిగా ఉంటే నేను కుళ్ళుకుంటున్నానని నామీద నాకే ఒళ్ళు మండేది.

చొక్కాలు అప్పగించే రోజు బస్సుల కంపెనీ నుంచి ఇద్దరు డ్రైవర్లు వ్యాను తెచ్చారు. అందులో ఒకాయనకు కాలరు పట్టేసింది. మా ఆవిడ ఆయన్ని నిలబెట్టి, నోట్లో సూదులు, రెండు చేతుల్తో కాలరు పట్టుకుని సరిచేస్తోంది. ఇంతలో రెండో ఆయన, "బిల్లు మా ఆఫీసుకి మెయిలు చేశాకే మూటలు ఎక్కించాలమ్మా" అన్నాడు.

"ఏమండీ, ఫోను తెరిచి పంపండి" అంది మా ఆవిడ.

తెరిచాను. మెయిలు పాస్‌వర్డు యాప్‌లో ఉంది, యాప్ వేలిముద్ర అడిగింది. ఏళ్ళ తరబడి సూది గుచ్చుకున్న ఆవిడ వేళ్ళను ఏ ఫోనూ గుర్తుపట్టదు. ముఖ్య పాస్‌వర్డు కొట్టాల్సిందే. "నాకు తెలీదుగా" అన్నాను బిగుసుకుని.

"ఇలా రండి, చెబుతాను."

"నాకు చెప్తావా?"

"మీకు కాక ఎవరికి చెప్పను? అడిగారా అసలు? మూతి మూడు వంకర్లు పెట్టుకుని తిరుగుతున్నారు ఇన్నాళ్ళూ." కాలరు వదలకుండానే నా చెవి దగ్గరికి వంగింది. సూదులు ఎక్కడ గుచ్చుకుంటాయోనని నా భయం. "ముందు పార్సిల్ అని కొట్టండి" అంది రహస్యంగా.

మా ఆఫీసులో మగవాళ్ళకేం కొదవ?

"మెడ పద్నాలుగు. ఛాతీ ముప్పై నాలుగు. నడుము ఇరవై ఎనిమిది."

కొడుతూనే తూకం వేసుకున్నాను. ఈ కొలతల మనిషిని కాటా ఎక్కిస్తే యాభై కిలోలు దాటడు. అంత బక్కవాడు మా ఆఫీసులో ఎవడూ లేడు.

"కుడి చెయ్యి ఇరవై నాలుగు" అంది. "ఎడమ చెయ్యి ఇరవై నాలుగు, చుక్క."

ఇరవై నాలుగు కొట్టి ఆగిపోయాను. ఆ బక్క కుర్రాణ్ణి నేనే మర్చిపోయాను. ఆ మొదటి చొక్కా తర్వాత ఆవిడ నన్ను ఎన్ని చొక్కాలకు కొలిచిందో లెక్కలేదు. కొత్త కొలత రాగానే పాతది పోవాలి కదా. ఇది పోలేదు. నా కళ్ళ ముందు ఫోను అలికేసినట్టయింది.

"అయితే నా చేతులు సమానం కాదంటావు" అన్నాను.

"ఇన్నేళ్ళకి ఒప్పుకున్నారా?" అంది సూదుల మధ్య నుంచి. "కొట్టండి, పాపం వాళ్ళు నిలబడున్నారు."

ఎడమ చేత్తో చుక్క పెట్టాను. తెరుచుకుంది.