మా అక్షరాల పీటను దెయ్యాల బోర్డు చేశారు

సాయంత్రం నుంచి ఒళ్లు మండిపోతోంది. మా మనవరాలు ఫోన్‌లో ఏదో హారర్ సిరీస్ చూస్తూ బిక్కచచ్చి కూర్చుంది. తొంగి చూస్తే, మేముండే ఈ హిందీ ఊరు బారిడీహ్‌లో మా పక్కనున్న ఖాళీ క్వార్టర్! టార్చి పట్టుకున్న ఒకాయన వణికే గొంతుతో, ఇది ఆత్మలను పిలిచే బోర్డు, దీని మీదున్నది ప్రేతాల లిపి అని హిందీలో చెబుతున్నాడు.

అది మా పీట! హిందీ తప్ప నోట రాని ఈ పిల్లకు తెలుగు నేర్పాలని అ నుంచి ఱ దాకా నేనే పెయింటుతో రాశాను. దాని మీద చింతపిక్క జరిపి, ఆగిన చోట అక్షరం చదివించేదాన్ని. ఇంటికి సున్నం వేయించినప్పుడు ఆ క్వార్టర్ వరండాలో పెట్టి మరిచిపోయాను.

వెంటనే వెళ్లి పీట తెచ్చి పిల్ల ముందు పెట్టాను.

"ఏటే, మన అక్షరాలంటే భయమేటి? ఇలా రా, చదువు."

"నహీ నానమ్మా, ఛూనే సే భూత్ ఆయేగా!"

ముట్టుకుంటే దెయ్యం వస్తుందట!

'అది మా తెలుగు అక్షరమాల, సిగ్గు లేదా' అని ఆ వీడియో కింద రాశాను. బదులుగా నవ్వే బొమ్మలు పెట్టారు. మీరైతే ఊరుకుంటారా, చెప్పండి. మా ఇంట్లో తెలుగు నాతోనే పోతుందేమోనని నేను బెంగపడుతుంటే, వీళ్లు అప్పుడే దాని దెయ్యాన్ని కూడా చూపించేశారు.