వెనక్కి తీసుకోమన్న ఆమెన్

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో, ఇస్త్రీ చేసే వేడి రోలర్ల ముందుండే రక్షణ కడ్డీని యాజమాన్యం ఊడదీయించింది. మడతక్క కుడిచెయ్యి రోలర్ల మధ్యకు పోయి కాలింది. మూడు వేళ్లు ఇక వంగవు. తప్పు ఆమెదేనని యాజమాన్యం తేల్చింది.

చెయ్యి తగిలితే యంత్రాన్ని ఆపడమే ఆ కడ్డీ పని. దుప్పటి ముడత తగిలినా ఆపుతుంది. దాని నేరం అదే. ఆగినప్పుడల్లా పని వెనకబడుతోందని సూపర్‌వైజరు దాన్ని తీయించి గోడకు ఆనించాడు. అంచుకు అంచు కలిపి, గీత గీసినట్టు దుప్పట్లు మడిచేది కనుక ఆమెకు మడతక్క అన్న పేరు స్థిరపడింది. ఇప్పుడు చెంచా పట్టుకోవడమే గగనం. జడ భర్త వేస్తున్నాడు.

"నీ జడ సరిగ్గా కుదిరేసరికి నా తల నెరిసిపోయేట్టుంది," అన్నాడతను.

"నెరవడానికి జుట్టెక్కడుంది నీకు? కాస్త గట్టిగా లాగి అల్లు."

ఆ సమయంలోనే సూపర్‌వైజరు వాళ్లింటికి వచ్చాడు. ఆమె వెళ్లే చర్చి సంఘానికి పెద్ద కూడా అతనే. కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, దేవుడు తనకి ఇష్టమైనవాళ్లనే పరీక్షిస్తాడు. బట్టలు అప్పగించే చోట కూర్చునే పని ఒకటి ఖాళీగా ఉంది. నీకే ఇప్పిస్తా. ఆదివారం సంఘంలో లేచి సాక్ష్యం చెప్పు. నా అజాగ్రత్త వల్లే జరిగింది, దీంతో దేవుడు నన్ను సరిదిద్దాడు, అను. సోమవారం ప్రమాదం విచారించడానికి ఇన్‌స్పెక్టరొస్తాడు. ఆయనకీ అదే మాట."

"మరి కడ్డీ సంగతి అన్నయ్యా?"

"అది మధ్యలో ఎందుకమ్మా?"

అతను వెళ్లాక భర్త మెల్లగా అన్నాడు, "ఒక్క మాటే కదే. ఈ చేత్తో నీకింకెవరు పనిస్తారు?"

భర్త మాట అబద్ధం కాదు.

శోధనలో పడనివ్వవద్దని ఆమె చిన్ననాటి నుంచీ ప్రార్థిస్తూనే ఉంది. రోగమూ, దెబ్బా రాకుండా చూడమనడమే దాని అర్థమని ఇన్నాళ్లూ అనుకుంది. ఆ రాత్రి ప్రార్థనలో ఆ మాట దగ్గర నోరు ఆగింది. దెబ్బ రానే వచ్చింది. కానీ చెయ్యి ఎంత మండినా, అబద్ధం చెప్పమని ఆ మంట ఒక్కసారైనా అడగలేదు. అడుగుతున్నది ఆ కూర్చునే పని. కాలిన చెయ్యి పరీక్ష అయితే కావచ్చు. తప్పుకు లాగే శోధన మాత్రం తియ్యటి మాటలతో గుమ్మం దాటి వచ్చి, చెల్లెమ్మా అని పిలిచింది. పైగా దాన్ని పంపింది దేవుడేనని నమ్మబలికింది. కడ్డీ మరలు విప్పింది దేవుడు కాదు. ఆ పని ఆయన మీదికి నెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు.

అయినా ఆదివారం సంఘంలో సాక్ష్యానికి లేచి నిలబడింది. రేపటి పొయ్యి కళ్ల ముందు మెదిలింది. "నా అజాగ్రత్త వల్ల..." అని నోరు దానంతటదే అనేసింది.

సాక్ష్యంలో ఎవరు తమ తప్పు ఒప్పుకున్నా, అది నిజమే అన్నట్టు ఆమెన్ అనడం ఆ సంఘానికి అలవాటు. పూర్తిగా వినకుండానే హాలంతా "ఆమెన్" అంది.

ఆ ఒక్క మాటతో ఆమెకు ఒళ్లు మండింది.

"ఆ ఆమెన్ వెనక్కి తీసుకోండి. నేను చెప్పబోయింది అబద్ధం. కడ్డీ తీయించింది అదిగో, ఆ అన్నయ్య. కడ్డీ ఉండుంటే యంత్రం ఆగేది, నా చెయ్యి దక్కేది."

సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు. "చెల్లెమ్మా, ఇక కూర్చో."

"కూర్చోబెడతానంటేనే కదన్నయ్యా ఇంత దూరమొచ్చింది."

వెనక బల్ల మీదినుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పక్కనున్న అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఆమెదీ అదే లాండ్రీ. "అక్కా, రేపట్నుంచి ఆ రోలర్ దగ్గర నిలబడాల్సింది నేనే," అంది.

సోమవారం మడతక్క ఇన్‌స్పెక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పింది. మరునాడు గేటు దగ్గరే ఆమెను ఆపేశారు. యంత్రం మాత్రం ఆగలేదు. కడ్డీ లేకుండానే నడుస్తోంది.

లాండ్రీ యజమానులారా, కడ్డీ బిగించేవరకు ఆ యంత్రాన్ని ఆపండి. గాయపడిన మనిషికి ఆమె చేయగలిగిన పని ఇవ్వండి. అబద్ధాన్ని దానికి షరతుగా పెట్టకండి. సంఘ పెద్దగారూ, దేవుడి పేరు చెప్పి మీరు దాచింది, కడ్డీ తీయించిన మీ ఉత్తర్వు. ఆ మాట మీ నోటితో, ఆ సంఘం ముందే, ఈ ఆదివారమే చెప్పండి.