మా ఆయన పాన్ అలవాటు

పెళ్లయినప్పటి నుంచీ వక్కపలుకు కూడా నోట వేసుకోని మనిషి, గుండెకు పంపు పెట్టించుకున్న మరుసటేడు ఉన్నట్టుండి పాన్ మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. మేడ్చల్‌లో మగాళ్ళు పాన్ ఎందుకు నములుతారో నాకు తెలియదా? మందు వాసన కప్పడానికి.

ఆయన గుండెకు సత్తువ లేదు. లోపల పెట్టిన పంపే రక్తాన్ని తోస్తుంది, దాని బ్యాటరీలు భుజాన సంచిలో ఉంటాయి. పంపులో గడ్డ కట్టకుండా రక్తం పలచబడే మాత్ర రోజూ వేసుకోవాలి. దాని మీద తాగుడంటే చావును పిలవడమే. ఎవరిదైనా గుండె దొరికితే మారుస్తామంటే ఆస్పత్రిలో పేరు రాయించి ఎదురుచూస్తున్నాం. అలాంటివాడు శామీర్‌పేటలో ప్లాట్లు చూపిస్తానని పొద్దున పోయి, బుగ్గ నిండా పాన్‌తో దిగేవాడు. చొక్కా వాసన చూశాను. కారు డిక్కీ వెతికాను. వెంట తిరిగే మా మరిదిని నిలదీశాను.

"వదినా, నీ మీదొట్టు, ముట్టుకుంటనే లేడు," అన్నాడు. అన్నదమ్ములు, నాకు చెబుతారా!

ఒక మధ్యాహ్నం అన్నానికి వస్తుంటే కుళాయి దగ్గర ఆపేశాను.

"పుక్కిలించు. వాసన జూస్త."

"నీ పోలీసు యవ్వారమేందే?" అంటూనే పుక్కిలించాడు. నీళ్ళు ఎర్రగా పడ్డాయి. మళ్ళీ పోశాను. ఎరుపే. ఆకు పిప్పంతా పోయింది, చెంబు ఖాళీ అయింది, అయినా ఎరుపే. మందు వాసన ఇసుమంత లేదు. చిగుళ్ళలోంచి నెత్తురు ఊరుతోంది. పాన్ నమిలింది ఈ ఎరుపు కప్పడానికి.

"ఇంకేం దాస్తున్నవ్?"

"దొడ్డికి గూడ నల్లగ పోతాంది," అన్నాడు నేల చూస్తూ.

నల్లగా పోతే కడుపులో నెత్తురు కారుతున్నట్టేనని ఆపరేషన్ అప్పుడే చెప్పారు. తిడుతూ, ఏడుస్తూ ఆస్పత్రికి తీసుకుపోయాను. ఒంట్లో రక్తం బాగా పడిపోయింది, వెంటనే ఎక్కించాలన్నారు. ఆయన చెయ్యి లాగేసుకున్నాడు.

"వద్దు. పరాయి రక్తం ఎక్కితే రేపు గుండె కలుస్తదో లేదో అని మీరే జెప్పిన్రు గదా సార్. మాత్రలు మార్చున్రి. రక్తం మాత్రం వద్దు."

అయ్యో, ఇందుకా దాచింది! నిజమేనా అని డాక్టరును అడిగాను.

"నిజమేనమ్మా. పరాయి రక్తం ఎక్కితే ఒంట్లో దానికి ఎదురు తిరిగే యాంటీబాడీలు పుడతాయి, కలిసే గుండె దొరకడం కష్టం కావచ్చు. కానీ ఇప్పుడు ఎక్కించకపోతే గుండె వచ్చేదాకా మనిషి ఉండడు."

"ఎక్కించుకో," అన్నాను ఆయనతో. "నీ కాళ్ళు మొక్కుత."

"నా గుండె పోగొడ్తున్నవే నువ్వు," అన్నాడు. అయినా చెయ్యి చాపాడు, ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

బతికాడు. పాన్ మానేశాడు. మొన్నామధ్య గుండె ఒకటి దొరికిందని ఫోన్ వస్తే పరుగెత్తుకుంటూ పోయాం. పరీక్ష చేసి, ఈయనకు కలవదన్నారు. దారిలో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాక కూడా అనలేదు. అనకుండా మనసులో ఏం పెట్టుకున్నాడోనని అన్నం వడ్డిస్తూ ఇప్పటికీ ఆయన ముఖమే చూస్తుంటాను.