మాయకు రొట్టె అని పేరు

రోత అంటే ఏమిటో నాకొక మాట నేర్పింది. అరవైల్లో నిజామాబాదులో నర్సు ట్రైనింగుకు చేరిన కొత్త. కాన్పులో బిడ్డ వెనకాల పడే మాయను ఇంగ్లీషులో ప్లాసెంటా అంటారని చెబుతూ మా డాక్టరమ్మ, "లాటిన్లో ఆ మాటకు పలుచటి రొట్టె అని అర్థం. గుండ్రంగా ఉంటుందని పాతకాలం డాక్టర్లు ఆ పేరు పెట్టారు. మిరపకాయలో గింజలు అంటుకుని ఉండే తెల్లటి భాగాన్ని కూడా అదే మాటతో పిలుస్తారు" అంది.

ఆ పూట హాస్టల్లో జొన్నరొట్టె పెట్టారు. కంచం నెట్టేసి బయటికి పోయి కక్కాను. నెత్తుటి ముద్దను చూస్తే రొట్టె గుర్తుకొచ్చిందంటే వాడెంత ఆకలి మీదున్నాడో! ఆ పేరు పెట్టినవాణ్ణి ఏళ్ల తరబడి తిట్టుకున్నాను.

ట్రైనింగు అయ్యాక బోధన్ దగ్గరి ఒక ఊరికి వేశారు. చెరుకు కొట్టే కాలం. కూలీల గుడిసెలో ఒకామెకు తొలికాన్పు. చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి పులిసిన చెరుకు మడ్డి వాసన, లోపల నెత్తురు వాసన. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. పొద్దున ఆడపిల్ల పుట్టింది, మాయ పడింది. దాన్ని కడిగి, పళ్ళెంలో పరిచి, రెండు వైపులా చూసి, అంతా వచ్చిందో లేదో తేల్చుకోవాలి. అది నా పని. నేను ముఖం తిప్పుకుని, "తీస్కపోయి గుంతల పెట్టుండ్రి" అన్నాను. రిజిస్టరులో మాత్రం మాయ పూర్తిగా వచ్చిందని రాశాను.

మధ్యాహ్నానికి ఆమె కింద పరిచిన గోనె తడిసిపోయింది. పెదవులు తెల్లబడ్డాయి. ఎవరో ఊళ్ళో మంత్రసానిని పిలుచుకొచ్చారు. ఆ ముసలామె వస్తూనే, "మాయేది బిడ్డా?" అనడిగింది.

"పాతిపెట్టిండ్రు అవ్వా."

"నువ్వు సూసినవా?"



ఆమె గుంత తవ్వించి, మట్టి కడిగి, దాన్ని టేకాకు మీద పరిచింది. అంచు పొడుగునా వేలితో తడుముతూ వచ్చి ఒకచోట ఆగింది.

"గీడ తునిగింది. ముక్క కడుపుల్నే ఉన్నది. జల్ది బండి కట్టుండ్రి, దవఖానకు తీస్కపోన్రి."

రొట్టెను ఓ పక్క కొరికేసినట్టు ఆ ఖాళీ నాకూ కనిపించింది. పేరు పెట్టినవాడు దాన్ని కళ్ళు తెరిచి చూశాడు. అక్షరం ముక్క రాని అవ్వ చూసింది. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నట్టు, చూడాల్సిన నేను ముక్కు మూసుకున్నాను. నా మీద నాకే రోత పుట్టింది.

ఎడ్లబండిలో నేనూ వెళ్ళాను. దవాఖానలో ఆ ముక్క తీశారు. ఆమె బతికింది. కొన్నాళ్లకు పిల్లనెత్తుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"నీ కాళ్ళు మొక్కుత సిస్టరమ్మా. నువ్వు లేకుంటే సచ్చిపోతుంటి" అని వంగింది.

అవ్వ సంగతి చెబుదామనుకున్నాను. చెప్పలేదు. ఆమె మొక్కడం అయ్యేదాకా కాళ్ళు కదపకుండా నిలబడ్డాను.