కుయ్యి జగన్నాధం

మా బావ చివరిగా చేసిన పని రెండు రేడియో బ్యాటరీలను మేడ మీద పిట్టగోడ పైన ఎండబెట్టడం. అక్క పెట్టిన వడియాల పళ్లెం పక్కకు జరిపి మరీ పెట్టాడు. అయిపోయిన బ్యాటరీ ఎండ తగిలితే ఇంకో నాలుగు వార్తలు చదువుతుందని ఆయన నమ్మకం. కిందికి దిగి, కాఫీ అడిగి, అది వచ్చేలోగా కుర్చీలోనే వెళ్లిపోయాడు. వడియాలు సాయంత్రం ఎవరో తీశారు. బ్యాటరీల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

సాలూరులో మా జగన్నాధం బావ కొట్టు తెలియని లారీ డ్రైవరు ఉండడు. తాళ్లు, టార్పాలిన్లు, బండి ముందు కట్టే నల్లకుచ్చులు అమ్మేవాడు. కొట్టు వెనకే ఇల్లు. గల్లాపెట్టె పక్కన రేడియో. అది వాళ్ల నాన్నది, రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టే రోజుల్లో కొన్నది. ఆ లైసెన్సులు ఎత్తేసి ఎన్నో ఏళ్లయినా, పోస్ట్‌మాన్ కనిపిస్తే బావ చెయ్యి దానంతటదే సౌండు తగ్గించేది.

పొద్దున ఆకాశవాణి సంకేత రాగం మొదలు ఏదీ వదిలేవాడు కాదు. సెంటు భూమి లేకపోయినా రైతుల కార్యక్రమం విని, తాళ్లు కొనడానికి వచ్చినవాళ్లకు దోమపోటు మందు చెప్పి పంపేవాడు. సంస్కృత వార్తలు కళ్లు మూసుకుని వినేవాడు. ఏం చెప్పారని అడిగితే, అంతా బాగానే ఉందట అనేవాడు. తుఫాను రోజుల్లో, కొండల కింద ఉన్న ఊళ్లో నిలబడి, ఒడిశా ఘాటీ రోడ్డు ఎక్కబోతున్న డ్రైవర్లను సముద్రంలోకి వేటకు వెళ్లవద్దని హెచ్చరించేవాడు. ధనరాజు అనే డ్రైవరు ఒకసారి వినయంగా, తన లారీకి ఈత రాదని, ఆ భయం పెట్టుకోవద్దని చెప్పాడు.

ఇన్ని విన్న మనిషికి ఒకటే కోరిక మిగిలింది. తన గొంతు రేడియోలో వినాలి. శ్రోతలు ఫోను చేసి పాట అడిగే కార్యక్రమం కోసం ఆయన తన యాసను కూడా దిద్దుకున్నాడు. మాట్లాడతన్నాను కాదు, మాట్లాడుతున్నాను అని అద్దం ముందు వల్లించేవాడు. అన్నానికి కూర్చుని, ఈ పూట ముఖ్యాంశాలేమిటని అడిగేవాడు. వంకాయే ముఖ్యాంశం, వివరాలు కూడా వంకాయేనని అక్క చెప్పేది.

అందరికీ ఫోను కలవడమే కష్టం. ఈయనకు సులువుగానే కలిసేది, చిక్కంతా కలిశాకే. పక్కన రేడియో పెట్టుకుని ఫోనులో మాట్లాడితే అది కుయ్యిమంటుంది. అందుకే అనౌన్సరు అమ్మాయి రేడియో సౌండు కాస్త తగ్గించమని మర్యాదగా అడిగేది. అంతే, దిద్దుకున్న యాస ఎగిరిపోయేది.

"తగ్గించేస్తే నేను వస్తన్నానో నేదో నాకెలా తెలుస్తాదమ్మా?"

ఆవిడ మళ్లీ చెప్పేది. ఈయన చెవి రేడియోకు ఇంకాస్త దగ్గరగా పెట్టేవాడు. కుయ్‌య్ మనేది. లైను పోయేది. బజారులో మిగతా కొట్లవాళ్లు ఆ కూత వినిపించాకే రేడియో వైపు చెవి తిప్పేవారు, జగన్నాధం వచ్చాడర్రా అని. ఊరు ఆయనకు కుయ్యి జగన్నాధం అని పేరు పెట్టింది.

ఆఖరికి మొన్న వేసవిలో అక్కే దారి చూపింది. "మీరు కొట్లో తలుపేసుకుని మాట్లాడండి. నేను రేడియో ఎత్తుకుని పెరటి సివరికి పోతాను. మీరెలా వచ్చారో ఇని సెప్తాను." ఆయన తన గొంతు ఇంకొకరి చెవిలో పడటమేమిటని రెండు రోజులు గునిసి, ఒప్పుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం. అక్క పెరటి చివర రేడియో చెవి దగ్గర పెట్టుకుని నిలబడింది. ఫోను కలిసింది. కూత లేదు. అనౌన్సరు నమస్కారం చెప్పింది. బావ బదులు చెప్పబోయేలోగా రేడియో చల్లగా నోరు మూసుకుంది.

బావ కొట్టు తలుపు తీసుకుని పరుగున వచ్చాడు. "ఎలా వచ్చాను?"

"బెమ్మాండంగా వచ్చారు."

"ఏ పాట ఏశారు?"

అక్క రేడియో వైపు చూసింది. "బ్యాటరీలు పోయాయండీ. ఎండబెట్టినవే కదా."

ఆయన కోప్పడలేదట. ఏం మాట్లాడారో ఇప్పుడు చెప్పమని అక్క అడిగితే, ఇనాల్సినప్పుడు ఇన్లేదు, ఇప్పుడెందుకు అన్నాడట. బజారంతా తిరిగి అడిగాడు. కూత రాలేదు కాబట్టి నువ్వు రాలేదనుకున్నాం అన్నారు అందరూ. అప్పటి నుంచి నేను శ్రీకాకుళం నుంచి ఎప్పుడు వెళ్లినా ఒకటే ప్రశ్న.

"ఒరే, నా గొంతు గాల్లోకి ఎల్లిందంటావా?"

వెళ్లే ఉంటుంది బావా అనేవాణ్ని. సాక్ష్యమేది అనేవాడు. మళ్లీ ఫోను చెయ్యమంటే, గాల్లోకి ఎల్లిందో లేదో తెలియని గొంతును రెండోసారి పంపనన్నాడు. కానీ బ్యాటరీలు ఎండబెట్టడం మానలేదు.

పెద్దకర్మ రోజు ధనరాజు వచ్చాడు. రాయపూర్ లైను మీద తిరుగుతూ చాలా రోజులుగా కొట్టుకు రాలేదట. గోడకు ఆనుకుని కూర్చుని, రేడియోలో జగన్నాధం బాబు గొంతు బాగుందని, మాటలో మాటగా అన్నాడు. మొన్న వేసవిలో ఘాటీ కింద టైరు మారుస్తూ కేబిన్‌లో రేడియో పెట్టుకుంటే వినిపించిందట.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఊరంతా ఇన్నారనుకున్నాను బాబూ. ఇన్నదాన్నే మళ్లీ సెప్పడమేటని ఊరుకున్నాను."

ఏం మాట్లాడాడని అడిగితే, ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని చెప్పాడు. "ఏ పాటైనా పరవాలేదన్నారు. సిన్నదైతే మంచిదన్నారు. మా ఇంటావిడ రేడియో ఎత్తుకుని ఎండలో నిలబడుంది, సెప్పులు కూడా ఏసుకోలేదు, కాళ్లు కాల్తాయమ్మా అన్నారు."

చిన్న పాటే వేశారట.