అమ్మమ్మ నీలిపూల జాడీ ఎవరింట ఉంది

కొత్త పింగాణీకి టీ డికాక్షన్ పూసి, మురికి పట్టించి, తాతల నాటిదని అమ్మేవాళ్లంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎనభైలలో సూర్యాపేటలో అటువంటి దుకాణం ఒకటి ఉండేది. ఒకనాడు అక్కడ ఒక పూలకుండీ అడుగును తడిగుడ్డతో తుడిచి, గుడ్డకు అంటిన గోధుమరంగును దుకాణదారుకే చూపించాను. ఆ తర్వాత అతడు నన్ను గడప తొక్కనివ్వలేదు. పింగాణీ గురించి తెలుసుకున్నదంతా రాసిపెట్టుకునే అలవాటు నాది. అందువల్ల చుట్టాలలో ఎవరు ఏ పాత్ర కొన్నా నా ముందుకు తెచ్చేవారు. మా ఇంటి తగువు కూడా చివరికి నా ముందుకే వచ్చింది.

మేము ముగ్గురు అక్కచెల్లెళ్లం. అక్కది మిర్యాలగూడ, చెల్లెలిది కోదాడ, నడిమిదాన్ని నేను సూర్యాపేటలో. అమ్మమ్మ అత్తవారింటికి వచ్చిననాడు ఆవకాయతో పాటు వెంట తెచ్చుకున్నది నీలిపూల జాడీ. అమ్మ వెంట కూడా అదే వచ్చింది. మా వంతు వచ్చేసరికి, ఎవరినీ చిన్నబుచ్చకూడదని అమ్మ పాతదాని పోలికలోనే చేసిన మరో నీలిపూల జాడీ కొని, అక్కకు ఒకటి, చెల్లెలికి ఒకటి ఇచ్చింది. నేను టీ కప్పులు చాలన్నాను. ఏది ఎవరికిచ్చిందో మాత్రం అమ్మ ఎన్నడూ చెప్పలేదు. అడిగితే రెండూ నావేనని దాటవేసేది. ఈ పద్ధతి నాకు ఏమాత్రం నచ్చేది కాదు.

తొంభైలలో, ఒక ఎండాకాలం, అక్క కూతురి పెండ్లి కుదిరింది. పిల్ల వెంట పంపడానికి అక్క జాడీ కడిగి ఎండలో పెట్టింది. ఆ మాట విని, అసలైనది తన దగ్గరే ఉందని కోదాడ నుంచి చెల్లెలు కబురు చేసింది. అక్కకు ఆ పూట అన్నం సహించలేదు. కూతురి వెంట నకలు పంపిన తల్లినవుతానా అని ఆమె దిగులు.

చెల్లెలు తన జాడీని పాత దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని మిర్యాలగూడకు వచ్చింది. పసిపిల్లకు టికెట్ అక్కర్లేదులే అని కండక్టర్ నవ్వాడట. నిడమనూరు నుంచి అమ్మ అప్పటికే వచ్చి ఉంది, ఏది పాతదో తేల్చమని నన్నూ పిలిపించారు. వసారాలో దుప్పటి పరచి, మూతలు పక్కన పెట్టించి, ముందు జాడీలను చూశాను.

చెల్లెలి జాడీ మీద పూలన్నీ ఒకే అచ్చు. భూతద్దం కింద రంగు చుక్కలు చుక్కలుగా కనిపించింది. వెనకవైపు, పూలు అద్దిన అచ్చుకాగితం అంచులు కలిసినచోట ఒక పువ్వు సగానికి తెగిపోయి ఉంది. అక్క జాడీ మీద ఏ రెండు రేకులూ ఒకలా లేవు. కుంచె ఆనినచోట నీలం చిక్కగా, వదిలినచోట పలచగా ఉంది. అడుగు అంచు ఒక పక్కనే ఎక్కువ అరిగింది. దాన్ని ఏళ్లతరబడి అటు పక్కకే వంచి జరిపారన్నమాట. పాతదనిపించాలని కావాలని అరగదీస్తే చుట్టూ ఒకలాగే అరుగుతుంది.

అక్కదే పాతదని చెప్పాను. అక్క కళ్లు తుడుచుకుంది. చెల్లెలు తన మూత నా చేతిలో పెట్టింది.

"దీన్ని కూడా చూడు చిన్నక్కా."

చూశాను. మూత మీది పువ్వు కుంచెతో వేసింది. అక్క మూత మీది పువ్వు అచ్చుది. నాకు అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. ఇదేం పని అని నిలదీశాను.

"పాత మూత పాత జాడీ మీద వదులైంది బిడ్డా, చీమలు వడుతుండె. కొత్తది గట్టిగ కూసున్నది, మార్చిన," అన్నది అమ్మ నింపాదిగా. "ఊరగాయ నిలవాల్నా, మీ పూలు నిలవాల్నా?"

పాత మూత పాత జాడీకి చేరాలని, విడదీస్తే విలువ సగానికి పడిపోతుందని వివరించాను. చెల్లెలు నా చేతిలోంచి మూతను తీసుకుని రెండు చేతులతో పట్టుకుంది.

"ఇది కూడా ఇచ్చేస్తే నా దగ్గర అమ్మమ్మది ఏముంటుంది?"

అక్క ఆ మూతను చెల్లెలి ఒళ్లోకే జరిపింది.

"ఉంచుకోవే, నీ దగ్గర్నే ఉండనీ. జాడీ నా బిడ్డెంట పోతది, మూత నీ ఇంట్ల ఉంటది," అన్నది. ఆ తర్వాత నావైపు తిరిగింది. "ఇగ నీ విలువ అంటవా? గిప్పుడు దీన్ని ఎవలు అమ్ముతున్నరే?"

ఇది శాస్త్రం కాదని నేను ఇంకా వాదిస్తుండగానే ఇద్దరూ నవ్వుతూ వంటింట్లోకి నడిచారు. ఆ మధ్యాహ్నం పిల్ల వెంట పంపే ఆవకాయ చెల్లెలే కలిపింది. అక్క ముక్కలు అందిస్తుంటే జాడీలోకి నొక్కి నొక్కి నింపింది. కొత్త మూత బిగించి, దాని మీద వాసెన కట్టడానికి తన చీర కొంగునే చించబోతే అక్క ఆమె చేయి పట్టుకుని ఆపి, ఉతికిన పాత పంచె తెచ్చి ఇచ్చింది. ఉప్పు తక్కువైందని అమ్మ సణుగుతూనే ఉంది. రుచి చూడమని నన్ను పిలిచారు. వేడి అన్నంలో కలుపుకుని రెండుసార్లు తిన్నాను. ఉప్పు సరిపోయింది.